పాత డొక్కు కారూ, మా మేనల్లుడూ, నా నోటి దురదా

పోయిన సంక్రాంతికి అక్కావాళ్ళింట్లో భోజనాలయ్యాక అందరం వరండాలో కూలబడ్డాం. ఎవరో "ఆ కారు కథ చెప్పరా" అన్నారు. మనకి అడగడమే ఆలస్యం. 1999లో కొత్తగా ఉద్యోగంలో చేరి, చేతిలో నాలుగు డబ్బులాడేసరికి 32 వేలు పోసి కొన్న 1978 మోడల్ కారు కథ అది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు కంపెనీది కాదు, ఇరవై ఒక్కేళ్ళ బండిని మోజుపడి కొన్న నాది.

ఆ కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. సెల్ఫ్ పనిచేసేది కాదు కాబట్టి ఎక్కడ వాలు కనిపిస్తే అక్కడే ఆపేవాణ్ణి. హైదరాబాదులో వాలు ఎక్కడెక్కడ ఉందో నాకు తెలిసినంతగా మునిసిపాలిటీ వాళ్ళకి కూడా తెలిసి ఉండదు. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి బండి నిలబడిపోతే, తడిగుడ్డ చుట్టి పావుగంట చెట్టుకింద కూర్చునేవాళ్ళం. ఎడమవైపు వెనక తలుపు కొబ్బరితాడుతో కట్టి ఉండేది. ఇక సూర్యాపేట దగ్గర బ్రేకులు పోయి ఇసక గుట్టలోకి దూసుకెళ్ళిన ఘట్టం దగ్గరికొచ్చేసరికి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇసకలోంచి బండిని లాగడానికి పదిమంది వచ్చి, లాగేశాక "ఇది అమ్ముతారా, తూకానికా?" అని అడిగారని నేను చెప్పే ముక్తాయింపు ఒకటుంది. అది మాత్రం కల్పితం. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

అంతా నవ్వాక మా మేనల్లుడు అన్నాడు, "చూశావా నాన్నా, మావయ్య అలాంటి బండి మీదే నేర్చుకున్నాడు. నాకేమవుతుంది?"

వాడికి ఇరవై రెండేళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. బావగారి దగ్గర రెండు కార్లున్నాయి. ఒకటి 2008లో కొన్నది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. రెండోది 2023లో కొన్నది, ఆరు ఎయిర్‌బ్యాగులు. పాతది వాడికిచ్చేద్దామని బావగారి ఆలోచన. కారణం మనందరికీ తెలిసిందే: "నేర్చుకునేవాడికి పాత కారు చాలు. గీతలు పడినా బాధ ఉండదు."

ఈ మాట మీరూ వినే ఉంటారు. బహుశా అనే ఉంటారు. నేనూ కనీసం నలుగురికి ఈ సలహా ఇచ్చాను. ఇప్పుడంటున్నాను, ఇంతకన్నా బుర్రతక్కువ సలహా మన ఇళ్ళల్లో ఇంకోటి లేదు. దానికి ఎరువు వేస్తున్నది నాలాంటి వాళ్ళం చెప్పుకునే సరదా కథలు.

ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఇంట్లో ఇద్దరున్నారు. ఒకాయనకి పాతికేళ్ళ అనుభవం. ముందు వెళ్ళే ఆటోవాడు ఎటు తిరుగుతాడో వాడి భుజం చూసి చెప్పగలడు. ఇంకొకడు లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలు కాలేదు. రెండు కార్లున్నాయి. ఒకటి తప్పు చేస్తే కాపాడేది, ఇంకొకటి తప్పు చేస్తే వదిలేసేది. ఏది ఎవరికివ్వాలి? కొత్తగా చేరిన కుర్రాడికి బ్యాకప్ లేని సర్వర్ అప్పగించి, ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నాయనకి రోజుకి మూడు బ్యాకప్‌లు తీసే సర్వర్ ఇచ్చే మేనేజర్ని మా ఆఫీసులో అయితే పిచ్చివాడంటారు. ఇంట్లో మాత్రం పొదుపరి అంటున్నాం.

"పాత కార్లు గట్టివి బాబూ, ఆ రేకు దళసరి చూడు, ఇప్పటివన్నీ అప్పడాలు" అనేవాళ్ళు ఈపాటికి లేచి ఉంటారు. కూర్చోండి, మీకోసమే ఇది. 2009లో అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ తన యాభయ్యేళ్ళ సందర్భంగా ఒక పని చేసింది. 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 షెవర్లే మాలిబూని, రెండింటినీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. పాతది చూడ్డానికి యుద్ధట్యాంకులా ఉంటుంది. గుద్దుకున్నాక డ్రైవరు కూర్చునే చోటే ముద్దయిపోయింది. అందులో మనిషుంటే బతికేవాడు కాదు. కొత్తదాంట్లో డ్రైవరు బొమ్మకి పెద్ద దెబ్బ అంటే కాలి దగ్గర తగిలిందే. వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి.

ఇందులో మాయేం లేదు. గుద్దుకున్నప్పుడు ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొత్త కారు ముందు భాగం కావాలనే నలిగేట్టు చేస్తారు. అది నలుగుతూ ఆ శక్తిని తాను మింగేసి, మనుషులు కూర్చునే గదిని మాత్రం నలగనివ్వదు. పాత కారులో అలా ఏది నలగాలో, ఏది నలక్కూడదో ఎవరూ లెక్కేసి కట్టలేదు. అంచేత ఆ శక్తి మన దాకా వచ్చేస్తుంది. స్టీరింగు కడ్డీ నేరుగా ఛాతీ మీదకి వచ్చేది. "చూడు, బంపరుకి సొట్ట కూడా పడలేదు" అని మురిసిపోతాం గానీ, ఆ సొట్ట ఎవరికి పడిందో చూసుకోం.

పోనీ అమెరికా గోల మనకెందుకు, మన సంగతే చూద్దాం. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్ముడుపోతున్న ఐదు చిన్నకార్లని, ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్ళని, గుద్దించి చూసింది. పెద్దవాళ్ళ రక్షణ విషయంలో ఐదింటికీ సున్నా నక్షత్రాలు. గుద్దించి పరీక్షించడం మన చట్టంలోకి వచ్చింది 2017 అక్టోబరులో, అదీ కొత్త మోడళ్ళకి. పాత మోడళ్ళకి 2019 దాకా గడువిచ్చారు. కొత్తగా అమ్మే ప్రతి కారుకీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి. పక్క సీటుకి ఎయిర్‌బ్యాగు 2021లో. అంటే మా బావగారి 2008 కారు ఈ నిబంధనలన్నిటికన్నా పెద్దది. మా మేనల్లుడు రోజూ వెళ్ళబోయేది అవుటర్ రింగురోడ్డు మీద. అక్కడ గంటకి నూరు కిలోమీటర్లు మామూలు విషయం. వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగింతలవుతుందని తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని, కారు తాళాలిచ్చేటప్పుడు మర్చిపోయాం.

"మేమందరం అలాంటివే తోలాం, బానే ఉన్నాంగా" అనేది ఇంకో బ్రహ్మాస్త్రం. నా వృత్తిలో ఇలాంటి తప్పు ఒకటుంది. ప్రోగ్రాం చచ్చిపోయినప్పుడు రిపోర్టు పంపేలా రాస్తాం. కానీ మెషీనే మొత్తం పోతే ఆ రిపోర్టు రాదు. రిపోర్టులు రాలేదు కాబట్టి అంతా బావుందనుకుంటాం. సంక్రాంతికి వరండాలో కూర్చుని కారు కథలు చెప్పేవాళ్ళంతా బతికి బయటపడ్డవాళ్ళు. మిగతావాళ్ళ కథ చెప్పడానికి ఎవరూ ఉండరు, ఇంట్లో ఫోటో ఉంటుంది. మన కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళందరూ పాత కార్ల వల్ల పోయారని అనడం లేదు, అందులో ఎక్కువమంది కార్లలో లేరు కూడా. "బానే ఉన్నాం" అనడానికి మాత్రం ఈ దేశం సరైన చోటు కాదంటున్నాను.

అసలు ఆ రోజుల్లో మనం డొక్కు కార్లని ఎందుకు అంత ప్రేమించాం? గొప్పవని కాదు, వేరే దిక్కులేక. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా మనకి దొరికేవి అంబాసిడర్, ఫియట్, ఇంకా ఒకటో రెండో. అంబాసిడర్ అంటే 1950లనాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాన్ని అటూఇటూ మార్చుతూ 2014 దాకా తయారుచేశారు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న కారుని ఎవడు మాత్రం తిడతాడు? మన ఓపికని కారు గొప్పతనం కింద జమ కట్టేశాం.

ఏమాటకామాట చెప్పుకోవాలి. అవతలి వాళ్ళ వాదనలో ఒకటి నిజం ఉంది. పాత బండిని రోడ్డు పక్క మెకానిక్ రెండు స్పానర్లతో బాగుచేసేవాడు. ప్లగ్గులు తీసి తుడుచుకోవడం, కార్బురేటర్ విప్పి ఊదడం నాక్కూడా వచ్చేసింది. ఇప్పుడు చిన్న సెన్సరు పోయినా కంప్యూటర్ తగిలించి, భాగం మొత్తం మార్చి బిల్లు చేతిలో పెడుతున్నారు. దీని మీద కోపం నాకూ ఉంది. కానీ దానికి మందు, బాగుచేసుకునే హక్కు కోసం పోట్లాడటం. కుర్రాడిని ఎయిర్‌బ్యాగు లేని కారులో కూర్చోబెట్టడం కాదు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. చేతిలో డబ్బు లేనివాడు దొరికిందే కొనుక్కుంటాడు. స్కూటర్ మీద నలుగురు వెళ్ళేకన్నా పాత కారు నయమే. వాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ ఇంట్లో మంచి కారు పెట్టుకుని, దానికి గీత పడుతుందని పిల్లాడికి డొక్కుది అంటగట్టేవాళ్ళతో.

ఇప్పుడు ఆ సూర్యాపేట కథలో నేను ఇన్నాళ్ళూ చెప్పని ముక్క చెప్తాను.

2001 మే నెల. విజయవాడ రోడ్డు అప్పటికింకా రెండు లైన్లే. పక్క సీట్లో అమ్మ ఉంది. బెల్టు లేదు, ఆ కాలం కారుకి బెల్టులే ఉండవు. ముందు స్కూటర్ మీద ఒకాయన, హ్యాండిల్ దగ్గర నిలబడి నాలుగైదేళ్ళ పాప. ఆయన ఉన్నట్టుండి ఆపాడు. నేను బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుపోయింది. ఆ రకం బండిలో నాలుగు చక్రాలకీ బ్రేకు ఆయిల్ దారి ఒకటే. ఒక చక్రం దగ్గర రబ్బరు తినేసి కారిందంటే నాలుగూ పోయినట్టే. తర్వాత వచ్చిన కార్లలో రెండు దారులుంటాయి, ఒకటి పోయినా రెండోది కాస్త పట్టుకుంటుంది. నేను హ్యాండ్ బ్రేకు లాగి, పాపని తప్పించి ఎడమకి కోశాను. అక్కడ ఇసక గుట్ట ఉండటం నా తెలివి కాదు. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, అంతే. ఇసక లేకపోతే అక్కడ ఉన్నది చెరకురసం బండి, దాని చుట్టూ మనుషులు.

అమ్మ నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. ఏడు కుట్లు. ఆ రాత్రి ఆసుపత్రి బల్ల మీద పడుకుని అమ్మ నన్ను ఓదార్చింది, "నీకేం కాలేదు కదా" అని. నెల తిరక్కుండా ఆ కథలోంచి రక్తం తీసేసి నవ్వులు పెట్టుకున్నాను. అమ్మ కూడా అడ్డు చెప్పలేదు. మొన్న సంక్రాంతికి కూడా అందరితోపాటు నవ్వింది. మేనల్లుడు "నాకేమవుతుంది" అన్నప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి మెల్లగా జుట్టు ముందుకి దువ్వుకోవడం నేను చూశాను. ఇరవై ఏళ్ళ పైగా నేనే చెప్పిన కథ, నేనే సగం దాచిన కథ, ఇప్పుడు వాడి చేతిలో సాక్ష్యం అయిపోయింది.

ఆ రాత్రే బావగారితో అన్నాను. "బావగారూ, కొత్తది వాడికివ్వండి, పాతది మీరు తోలండి. అనుభవం మీకుంది కదా."

"గీతలు పెడతాడయ్యా" అన్నారు ఆయన.

"రంగు వేయిస్తే పోతాయి" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. చూద్దాంలే అని లేచారు.

మీ ఇంట్లోనూ పాత కారు ఉంటే, తాళాలు ఎవరికైనా ఇచ్చేముందు ఒక్క పని చెయ్యండి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అరుగుదల లేకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడి పగుళ్ళిస్తుంది. బ్రేకు గొట్టాలదీ అదే కథ. బయట పాలిష్ కొట్టించినంత మాత్రాన లోపలి రబ్బరుకి యవ్వనం రాదు.

నిన్న రాత్రి మేనల్లుడు టైరు ఫోటో పంపాడు. 3515. కింద "మావయ్యా, ఇది నేను పదో క్లాసు కూడా చదవకముందుది" అని రాశాడు. ఫోన్ చేసి మొత్తం కథ చెప్పాను, కుట్లతో సహా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

వచ్చే సంక్రాంతికి ఎవరైనా కారు కథ అడిగితే చెప్తాను. కాకపోతే ఈసారి అమ్మ నుదుటి దగ్గర మొదలుపెడతాను.