కట్టించువానికి తెలియని మాటలు

మన యిండ్లలో పెండ్లి నిశ్చయమైనప్పుడు లగ్నపత్రిక వ్రాయుదురు. అది తెలుగున నుండును. పురోహితుడు దానిని బిగ్గరగా చదువును. వంటయింటి గడపకడ నిలిచిన ముసలమ్మ మొదలు పందిటిలో ఆడుకొను పిల్లవాని వరకు అందరును విందురు. ఒక తిథి తప్పుగా పడినచో "అది కాదు నాయనా" యని దిద్దువారును ఉందురు. ఆ గృహమువారే ఇల్లు కట్టింపబూనినప్పుడు గుత్తదారుతో వ్రాసికొను ఒడంబడిక ఇంగ్లీషున నుండును. దానిని ఎవ్వరును బిగ్గరగా చదువరు. చదివినను ఎవ్వరును దిద్దలేరు. జీవితమంతయు కూడబెట్టిన ధనము ఏ కాగితముపై ఆధారపడియున్నదో, ఆ కాగితముపై గృహయజమాని గ్రుడ్డివానివలె వ్రాలు చేయుచున్నాడు. మేము దీనిని దురాచారమందుము. కన్యాశుల్కమును, బాల్యవివాహమును దురాచారములని ఒప్పించుటకు మన పెద్దలు ఎంతో శ్రమపడిరి. దీనిని ఒప్పించుటయు అంత సులభము కాదు. ఏలయన దీనికి సిగ్గుపడువారే లేరు.

ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటినచో తుర్కపల్లి వచ్చును. పరిశోధనశాలలకు నెలవుగా నాలెడ్జి పార్కు ఇచ్చట 1999లో స్థాపితమైనది. దానితోడనే జీనోమ్ వ్యాలీ పెరిగినది. మందులు, టీకాలు మొదలైనవానిని గూర్చిన విద్య ఇచ్చట సాగుచున్నది. ఆ విద్యవెంట ఉద్యోగములు, ఉద్యోగములవెంట ఇండ్ల స్థలములు, స్థలములవెంట కట్టడములు వచ్చినవి. ఒక ప్రక్క కంటికి కనబడని అణువులకు సైతము పేరు పెట్టి లెక్క చూచుకొను శాస్త్రము. ఆ ప్రక్కనే తన తలపైనున్న దూలమునకును, తన గోడలోని స్తంభమునకును భేదము తెలియని గృహస్థుడు. ఇట్టి విపరీతము తుర్కపల్లిలోనే కాదు, తెలుగువారు ఇల్లు కట్టించు ప్రతి ఊరను ఉన్నది.

అయితే ఆ గృహస్థునికి ఇంటిని గూర్చి ఏమియు తెలియదని యనరాదు. ఈశాన్యమున బావి, ఆగ్నేయమున వంట, నైరుతి మూల ఎత్తు, వీథిపోటు, ఆయము, ద్వారముల సరిసంఖ్య – ఇవన్నియు ఆయనకు కంఠస్థములు. ఇల్లాలికి ఇంకను బాగుగా తెలియును. వాస్తువు చెప్పువాడు "మెట్లు ఇటు ఉండరాదు" అన్నచో కట్టిన మెట్లు పడగొట్టించుటకు వెనుదీయని వారే, స్తంభములో ఎన్ని చువ్వలు వేసిరని అడుగుటకు నోరు మెదపరు. దీనిని మూఢవిశ్వాసమని పరిహసించి ఊరకుండుట సంస్కర్తలకు సులభము. మేము అట్లు ఊరకుండజాలము. వాస్తువు ఎందుచేత గెలిచెను? అది మన భాషలో మాటలాడెను. వాకిట కూర్చుండి, ఇల్లాలు అడిగిన ప్రశ్నకు ఇల్లాలి మాటలలో బదులు చెప్పెను. ఇంజనీరు శాస్త్రమో, ఇంటికి వచ్చి పటము పరచి, నాలుగు పరదేశాక్షరములు పలికి, వ్రాలు చేయించుకొని వెళ్లిపోయెను. తెలిసిన భాషలో చెప్పిన అబద్ధము తెలియని భాషలో చెప్పిన నిజమును ఓడించుటలో వింత యేమున్నది?

మన భాషలో మాటలు లేవందురా? పూర్వపు మిద్దెయింటిని చూడుడు. కప్పు బరువు వాసములమీదికి, వాసములనుండి దూలముమీదికి, దూలమునుండి నిట్టాడిమీదికి, నిట్టాడినుండి నేలలోనికి దిగును. ఈ నాలుగు మాటలు తెలిసిన రైతునకు బరువు నడచు దారి తెలియును. అందుచే వాడు వాసమును మార్చునే గాని నిట్టాడిని కదపడు. నేటి కాంక్రీటు ఇంటను దారి అదియే: స్లాబునుండి దూలమునకు, దూలమునుండి స్తంభమునకు, స్తంభమునుండి పునాదికి. స్తంభములపై నిలిచిన యింటిలో నడిమి గోడ తెరవంటిది; దానిని తీసివేసినను ఇల్లు నిలుచును. స్తంభమును చెక్కినచో నిలువదు. ఈ భేదము ఎరుగకయే నీటిగొట్టము పోనిచ్చుటకు దూలమును తొలుచుచున్నారు; గది విశాలము చేయుటకు స్తంభపు అంచు కొట్టివేయుచున్నారు. మాట తెలియనందున జరుగు హాని యిది.

ఇక లోహముల సంగతి. పిల్లలు బడిలో దుక్క ఇనుము, పోత ఇనుము, చేత ఇనుము, ఉక్కు అని చదువుదురు. పరీక్ష కాగానే మరతురు. వీని భేదము ప్రధానముగా కర్బనములో నున్నది. పోత ఇనుములో నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ల వరకు కర్బనముండును. అది బరువు మోయును గాని, లాగినచో పెళుసై విరుగును. చేత ఇనుములో కర్బనము మిక్కిలి స్వల్పము. అది సాగును, వంగును. ఉక్కు వీని నడుమ నిలిచి, బలమును సాగుడును రెండింటిని పొందినది. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును, లాగుడునకు ఓర్వలేదు. లాగుడునకు ఓర్చుకొనుటకే దానిలో ఉక్కు చువ్వలు వేయుదురు. చువ్వపై అచ్చువేసిన 500 అను సంఖ్య మంత్రాక్షరము కాదు. చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటనుల లాగుడు వరకు, అనగా సుమారు 51 కిలోల బరువు వరకు, ఆ చువ్వ సాగినను మరల తన పూర్వరూపమునకు వచ్చునని దాని యర్థము. టీఎంటీ యనుటయు అట్టిదే: ఎర్రగా కాగిన చువ్వపై నీరు చల్లి పైపొరను గట్టిపరచి, లోపలి వేడిచేతనే దానిని మరల కొంత మెత్తపరచిన ఉక్కు. కాల్చిన కొడవలిని నీట ముంచు కమ్మరికి ఈ సూత్రము చెప్పనక్కరలేదు.

ఈ లోహమును గూర్చి మనకు భాష లేదనుట కృతఘ్నత. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆ పనిని చూచి డాక్టరు వాయిసీ వ్రాసిన వర్ణనము 1832లో బంగాళా ఆసియాటిక్ సంఘపు పత్రికలో అచ్చయినది. పాశ్చాత్యులు దానిని 'వూట్జ్' అనిరి. ఆ మాట మన దక్షిణదేశపు 'ఉక్కు'నుండియే పుట్టినదని పలువురు పండితుల మతము. అనగా ఒకనాడు ప్రపంచము మన మాటను ఎరువు తెచ్చుకొనినది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని వీథులలో నినదించి, తుపాకులకు ఎదురొడ్డి ప్రాణములు ఇచ్చిరి. ఆంధ్రప్రదేశమున తెలుగును అధికారభాషగా చేసిన శాసనమును ఆ 1966 నాటిదే. ఉక్కు మన హక్కయినది, తెలుగు మన అధికారభాషయైనది; కాని ఉక్కును గూర్చి తెలుగున వ్రాసిన ఒడంబడిక మాత్రము మన యింట లేదు!

మాట తెలిసినచో కలుగు లాభమెట్టిదో చూపుదము. చువ్వ మందమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానిచే గుణించి, 162చే భాగించినచో మీటరు పొడవునకు ఎన్ని కిలోలు తూగవలెనో తెలియును. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరునకు 0.89 కిలో తూగవలెను. 12 మీటర్ల నిడుపు చువ్వ సుమారు 10.7 కిలోలు. ప్రమాణము ఒప్పుకొను హెచ్చుతగ్గు ఈ మందమునకు నూటికి 5 వంతులు. బియ్యము తూచి తీసికొను ఇల్లాలు చువ్వను తూచలేదా? అట్లే చువ్వకును కాంక్రీటు వెలుపలి ముఖమునకును నడుమ విడువవలసిన దళసరి కలదు: సాధారణముగా స్లాబునకు 20, స్తంభమునకు 40, పునాదికి 50 మిల్లీమీటర్లు. ఈ కప్పుదల తగ్గినచో తేమ చువ్వను చేరును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును. కాంక్రీటు పగిలి రాలును. సజ్జవలె ఒక కొననే ఆధారము గల భాగమునకు ప్రధానపు చువ్వలు పైభాగమున నుండవలెను. కాంక్రీటు పోయునప్పుడు కాళ్లక్రింద త్రొక్కి వానిని అడుగునకు దింపినచో ఆ సజ్జ చావును పిలుచుచున్నదన్నమాట. స్లాబు క్రింది ఊతకర్రలు, జాగా నాలుగున్నర మీటర్లలోపైనచో 7 దినములును, అంతకు మించినచో 14 దినములును ఉంచవలెను. సాధారణపు సిమెంటు కట్టడమునకు కనీసము 7 దినములు, బూడిద మొదలైనవి కలిసిన సిమెంటునకు కనీసము 10 దినములు ఎడతెగక తడుపవలెను. వీనిలో ఇల్లాలికి గాని, పదవ తరగతి చదివిన కుమార్తెకు గాని అర్థముకాని దేమున్నది? అర్థము కాకుండునట్లు చెప్పుటలోనే కిటుకున్నది.

"మేస్త్రికి తెలియును, ఇంజనీరునకు తెలియును; గృహస్థుడు ఎరుగనేల?" యని కొందరందురు. వైద్యునికి మందు తెలిసినను, ఎన్ని పూటలు మ్రింగవలెనో రోగికి తెలియవలదా? 2016 నాటి స్థిరాస్తి చట్టము, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలో నిర్మాణదోషము బయటపడి తెలిపినచో, నిర్మాత రొక్కము పుచ్చుకొనక 30 దినములలో సరిచేయవలెనని విధించినది. మంచిదే. కాని దోషమేదో గుర్తింపలేని వానికి ఆ హక్కు పెట్టెలోని తాళపుచెవి వంటిది. గిలాబుపై కనబడు సన్నని నెర్రె వేరు, దూలమున కనబడు పగులు వేరు. మన భాషలో నెర్రె, బీట, పగులు అని వేర్వేరు మాటలు ఉండగా, మనము అన్నింటిని 'క్రాకు' అని, నిర్మాత "అది యేమియు కాదు" అనగానే నమ్మి తిరిగివచ్చుచున్నాము.

రెండవ యాక్షేపణ: "శాస్త్రమునకు ఇంగ్లీషే తగును." ఈ హైదరాబాదులోనే 1917లో అనువాదశాల నెలకొల్పి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును తెరచి, ఉర్దూలో ఉన్నతశాస్త్రములకు పరిభాష కల్పించి బోధించిరి. ఆ నాడు తెలుగువాని దుఃఖము, తన వ్యవహారములు తనకు రాని భాషలో జరుగుచున్నవనుట. ఆ దుఃఖము న్యాయమైనదే. కాని నేడు ఏ ప్రభువును బలవంతపెట్టకుండగనే, మన యింటి పత్రమును మనకు రాని భాషలో మనమే వ్రాయించుకొనుచున్నాము. ఆ నాటిది నిర్బంధము; నేటిది స్వయంకృతము.

మూడవ పక్షమువారు మా మిత్రులే. అయినను వారిని మందలింపక తప్పదు. వీరు సిమెంటునకు, కాంక్రీటునకు, స్లాబునకు నాలుగేసి సంస్కృత ధాతువులు కూర్చి కొత్త సమాసములు అల్లుదురు. అవి మేస్త్రికి ఇంగ్లీషుకంటె కఠినములు. పరంజాపై నిలిచినవానికి అర్థముకాని మాట తెలుగు లిపిలోనున్నను పరభాషయే. మాటలు పుట్టు చోటు పండితుని గది కాదు, పని జరుగు తావు. పునాది, పిట్టగోడ, సజ్జ, పరంజా, తాపీ, గుండు, రసమట్టము, మూలమట్టము, గిలాబు, కంకర, చువ్వ – వీనిలో కొన్ని మనవి, కొన్ని ఉర్దూనుండి వచ్చి మనవైనవి. ఇంగ్లీషు 'బేస్‌మెంటు'ను మన మేస్త్రీలు 'బేస్‌మట్టము' చేసికొనిరి. మట్టమను తెలుగుమాటను దానిలో దూర్చి, అర్థమును కూడ అమర్చుకొనిరి. ఏ పరిభాషాసంఘము ఇంత చక్కగా చేయగలదు? 1968లో బూదరాజు రాధాకృష్ణగారి సంపాదకత్వమున సాహిత్య అకాడమి వెలువరించిన వాస్తుపదకోశము వృత్తిపనివారి నోటినుండి మాటలు ఏరిన గ్రంథము. దానిని పరిశోధకులు మాత్రమే పుటలు త్రిప్పుట మనకు గౌరవము కాదు. ఒడంబడిక వ్రాయువాని బల్లపై అది యుండవలెను.

కావున మేము కోరునది స్వల్పము. ఇంటి ఒడంబడిక తెలుగున వ్రాయవలెను. దానికి ఒక పుట చేర్చి, చువ్వల రకము, మందము, సంఖ్య, కప్పుదల, కాంక్రీటు పాళ్లు, తడుపు దినములు, ఊతకర్రలు తీయు దినము – ఇవి అంకెలతో వ్రాయవలెను. స్లాబు, సిమెంటు వంటి మాటలు అట్లే యుండనిండు. అర్థము మాత్రము ప్రక్కన ఉండవలెను. ఇంజనీరింగు కళాశాలలలో చదువువానికి ఒక దూలమును తెలుగున వివరించు నేర్పును పరీక్షింపవలెను. పని జరుగు తావున ఆ దినసంఖ్యలను పలకపై వ్రాసి తగిలింపవలెను. నేడు హైదరాబాదు పరిసరములందు పాలమూరు కూలీలతోపాటు ఒడిశా, బీహారు వారును పరంజాలెక్కుచున్నారు గనుక వారి భాషలోను వ్రాయుట మానవధర్మము. ఊతకర్ర ముందుగా తీసినచో స్లాబు మొదట పడునది వారి తలపైననే.

అన్నిటికంటె ముందు, ఆ ఒడంబడికను లగ్నపత్రికవలె ఇంటిల్లిపాది నడుమ బిగ్గరగా చదువవలెను. ముసలమ్మ వినవలెను, కోడలు వినవలెను, బడికి పోవు బాలిక వినవలెను. "నలువది మిల్లీమీటర్లన్నారు, ఇక్కడ ఇరువదియే యున్నదేమి?" అని వారిలో నొకరు అడిగిన నాడు గుత్తదారు బదులు చెప్పవలసియుండును. ఆ ప్రశ్న అడుగ నేర్చినవారే ఆ యింటికి యజమానులు. తక్కినవారు ఎంత ధనము పోసి కట్టించినను, తమ యింట తాము అద్దెకున్నవారే.