పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాక రీలెందుకంటారా?

"అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేశాం కదమ్మా, ఇంకా ఆ డబ్బాలు దేనికి? పారేయ్" అని న్యూజెర్సీ నుంచి కొడుకు ఫోనులో అంటాడు. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో తల్లి సరేనంటుంది. మర్నాడు కబాడీ అతను వచ్చి ట్రంకుపెట్టెతో సహా తూకం వేసుకుని పోతాడు. ఇది ఒకరింటి ముచ్చట కాదు. మాజీ సైనికాధికారుల కోసం సహకార సంఘం పద్ధతిలో వెలసిన కాలనీ ఇది. పెద్ద పెద్ద స్థలాల్లో కట్టుకున్న ఆ పాత ఇళ్ళు ఒక్కొక్కటే కెఫేలూ అపార్ట్‌మెంట్లూ అవుతున్నాయి. ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి దిగే సామాన్లలో అరచేతిలో ఇమిడే పసుపు డబ్బాలు బయటపడుతుంటాయి. మిగతా జనం స్టూడియోకి వెళ్ళి ఏడాదికో ఫొటో దిగే రోజుల్లో, కంటోన్మెంటు నుంచి కంటోన్మెంటుకి బదిలీ మీద తిరిగిన కొన్ని కుటుంబాల వాళ్ళు సినిమా కెమెరా కొనుక్కుని పిల్లల పుట్టినరోజులూ రైలు ప్రయాణాలూ రెజిమెంటు పండుగలూ తీసుకున్నారు. ఆ డబ్బాల్లో ఉన్నవి అవే.

స్కాన్ చేయిస్తే బొమ్మ భద్రం, ఇక ఫిల్ము చెత్త అన్నది ఇప్పుడు అందరి మాట. ట్రాన్స్‌ఫర్ దుకాణాల వాళ్ళూ ఇదే చెబుతారు, చదువుకున్న పిల్లలూ ఇదే చెబుతారు. ఇది తప్పుడు సలహా. తిరిగి తెచ్చుకోలేని నష్టం చేసే సలహా కూడా. ఇదే ఇంటి దస్తావేజుకి జిరాక్స్ తీయించి ఒరిజినల్‌ని కబాడీకి వేస్తారా అని అడిగితే అందరూ నవ్వుతారు. రీలు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమవుతుందో నాకు అర్థం కాదు.

ఈ "భద్రం" అనే మాట కొత్తదేమీ కాదు. ఇళ్ళలోకి వీసీఆర్ వచ్చిన కాలంలోనూ అదే అన్నారు: వీహెచ్‌ఎస్ క్యాసెట్టులోకి ఎక్కించుకోండి, ప్రొజెక్టర్ గొడవుండదు అని. ఎక్కించుకున్న వాళ్ళలో కొందరు రీళ్ళు పారేశారు. ఆ క్యాసెట్టులో అడ్డంగా నిజంగా దక్కే వివరం 240 గీతల పాటిది. తర్వాత ఆ క్యాసెట్టునే డీవీడీ చేయించారు. 720 బై 576 చుక్కల పెట్టెలో అంతకు ముందే పోయిన వివరం మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడా డీవీడీ నుంచి ఫోనులోకి వచ్చింది. ప్రతి మజిలీలోనూ కొంత రాలిపోయింది, రాలినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇదే ఆఖరి మజిలీ" అన్నారు. రీలు ఉంచుకున్న వాళ్ళు మాత్రం ఇవాళ మళ్ళీ మొదటికి వెళ్ళి, అప్పటి యంత్రాలకి అందని వివరం బయటికి తీయించుకోగలుగుతున్నారు. పదేళ్ళ తర్వాత ఇంకా మెరుగైన యంత్రం వస్తే దానికీ అదే రీలు ఇస్తారు.

బొమ్మ ఎంత చిన్నదో ఒకసారి చూడండి. 1965లో కొడాక్ తెచ్చిన సూపర్ 8 ఫిల్ములో ఒక్కో ఫ్రేము వెడల్పు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఎత్తు నాలుగు. అంతకు ముందు 1932 నుంచీ ఉన్న మామూలు 8 మిల్లీమీటర్లది ఇంకా చిన్నది. అంత చిన్న గడిలో మీ అమ్మమ్మ ముఖం ఉంటుంది. లెన్సులో కాస్త తేడా వచ్చినా, గేటులో ఫిల్ము కాస్త కదిలినా ఆ ముఖంలో కళ్ళు మసకబారిపోతాయి. అందుకే గోడ మీద ప్రొజెక్టరేసి ఫోనుతో తీసేయమని చెప్పే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సూపర్ 8 ప్రొజెక్టర్ సెకనుకి 18 ఫ్రేములు తిప్పుతుంది. షట్టరుకి మూడు రెక్కలు కాబట్టి సెకనుకి 54 సార్లు వెలుగు మినుకుతుంది. ఫోను సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి కుదరవు, బొమ్మంతా దడదడలాడుతుంది. ఫిల్ముని వీడియోలోకి ఎక్కించే పాత టెలిసినీ వాళ్ళకి ఈ సంగతి తెలుసు కనుకనే ప్రొజెక్టర్‌ని సెకనుకి సరిగ్గా 16 మీద మూడింట రెండు వంతుల ఫ్రేములకి తగ్గించి తిప్పేవారు. అప్పుడు సెకనుకి 50 మెరుపులు, 25 ఫ్రేముల వీడియో కెమెరాకి ఫ్రేముకి రెండు చొప్పున సరిపోయేవి. దాంతో మినుకు పోయేది. కానీ గోడ గరుకూ, మధ్యలో మండి అంచుల్లో ఆరిపోయే వెలుతురూ ఎక్కడికి పోతాయి?

బల్ల మీద పెట్టుకునే చవక స్కానర్లు దీనికన్నా నయమే, ఒక్కో ఫ్రేమునీ విడిగా ఫొటో తీస్తాయి కనుక. ఏమున్నాయో చూసుకోవడానికి అవి చాలు. కానీ వాటి నుంచి వచ్చేది బాగా నొక్కేసిన ఎంపీ4 ఫైలు, అందులోనూ చాలావాటిలో సెకనుకి 20 ఫ్రేముల లెక్కన. 16 లేదా 18 ఫ్రేముల వేగంతో తీసిన తాతయ్య అందులో తొందరపడతాడు. దుకాణంవాడు దాన్నే 25కి పెంచి ఇస్తే పరుగెత్తుతాడు. పాత సినిమాల్లో మనుషులు అలాగే గబగబా నడుస్తారని మనం నవ్వుకుంటాం గానీ వాళ్ళు ఎప్పుడూ అలా నడవలేదు, తప్పు తిప్పిన వాడిది. ఇక "ఏఐతో 4కే చేసిస్తాం, 60 ఫ్రేములు చేసిస్తాం" అనే వాళ్ళ సంగతి. చర్మం మీద గ్రెయిన్ తీసేసి, అక్కడ ఏం ఉండి ఉండవచ్చో యంత్రం ఊహించి నింపుతుంది. నున్నగా, బావుంటుంది కూడా. ఆ ముఖం మీ తాతయ్యదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. అసలు రీలు లేకపోతే సరిచూసుకునే దారీ లేదు.

ఒక రీలుని చేతిలోకి తీసుకుందాం. ముందు వాసన చూడాలి. డబ్బా మూత తీయగానే సిర్కా (వెనిగర్) వాసన గుప్పుమంటే ఎసిటేట్ ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. తర్వాత అంచులు మాత్రమే పట్టుకుని మూరెడు విప్పి కిటికీ వెలుతురుకి ఎత్తాలి. పక్క రంధ్రాలు పెద్దవిగా, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉంటే మామూలు 8. సన్నగా, ఫ్రేము నడుమ ఎదురుగా ఉంటే సూపర్ 8. ఫిల్ము బల్లపరుపుగా ఉందా, వంపు తిరిగిందా, రంధ్రాలు చిరిగాయా అన్నది అక్కడే తెలుస్తుంది. చిరిగిన దాన్ని ప్రొజెక్టర్‌కి ఎక్కిస్తే పంజా ఇంకా చీలుస్తుంది. గేటులో ఆగిపోతే దీపం వేడికి ఆ ఫ్రేము కళ్ళముందే కరిగిపోతుంది. బూజు తెల్లటి సాలెగూడులా కనపడితే తడిగుడ్డ దగ్గరికి రానీయకండి. బూజు తిన్న జిలటిన్ నీళ్ళకి కరుగుతుంది, బొమ్మ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది.

అలా చూసేటప్పుడు అంచు వెంబడి ముదురు గోధుమరంగు గీత ఒకటి కనిపించిందనుకోండి, అక్కడ ఆగాలి. అది మాగ్నెటిక్ పట్టీ. 1973 తర్వాత వచ్చిన సౌండు సూపర్ 8లో మాటలు దాని మీదే ఉంటాయి. చాలా దుకాణాల్లోని యంత్రాలు బొమ్మను మాత్రమే చూస్తాయి, పట్టీని చదివే తలకాయ వాటికి ఉండదు. ఇంటివాళ్ళకి మూకీ ఫైలు ఇస్తారు, మీ దగ్గర సౌండు తీసే ఏర్పాటు ఉందా అని ఎవరూ అడగరు, ఉంటుందని ఎవరికీ తెలియదు కూడా. ఆ ఫైలుని చూసి రీలు పారేసినవాళ్ళు, పోయిన మనిషి గొంతు అందులో ఉందని తెలియకుండానే గొంతుని కూడా పారేశారు. పైగా ఆ పట్టీలోని ఐరన్ ఆక్సైడు ఫిల్ము కుళ్ళడాన్ని తొందరపెడుతుంది. కనుక గీత ఉన్న రీళ్ళని ముందుగా స్కాన్‌కి పంపాలి, పట్టీ చదివించగల చోటికే పంపాలి.

"ఫిల్ము ఎలాగూ కుళ్ళిపోతుంది కదా, ఉంచుకుని ఏం లాభం?" ఎదుటివాళ్ళ వాదనలో బలమున్న ముక్క ఇదొక్కటే. నిజమే. రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమలో ఉంచిన తాజా ఎసిటేట్ ఫిల్ముకి సుమారు 40 ఏళ్ళకి ఆ వెనిగర్ జబ్బు మొదలవుతుంది. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం అటక మీద 21 డిగ్రీలన్న మాటే లేదు. అయితే జబ్బు మొదలవడం వేరు, బొమ్మ పోవడం వేరు. వాసన వచ్చిన రీళ్ళు కూడా స్కానర్లకి ఎక్కుతున్నాయి. వంపు తిరిగి ముడుచుకున్న వాటిని సైతం పళ్ళచక్రం లేని యంత్రాలు చదువుతున్నాయి. వాసన వచ్చిన రీలుని మిగతావాటి నుంచి వేరు చేయాలి, ఎందుకంటే ఆ ఆమ్లం ఆవిరి పక్కవాటికీ తగులుతుంది. మిగిలినవాటిని అటక దించి ఇంటి లోపలి గదిలో, నేలకి కాస్త ఎత్తున, పడుకోబెట్టి ఉంచాలి. తుప్పు డబ్బాలు మార్చాలి. నాఫ్తలీన్ గోళీలు చీరలకే, ఫిల్ముకి వద్దు. ఏసీ గది ఉంటే అక్కడ పెట్టండి. ఫ్రిజ్‌లో చోటుంటే గాలి చొరని సంచుల్లో పెట్టండి, ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బయటికి తీసినప్పుడు సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, లేకపోతే చెమట పడుతుంది. కొడాక్ వాళ్ళ రంగుల ఫిల్ము కోడాక్రోమ్ అయితే చీకట్లో దాని రంగులు ఇప్పటికీ నిక్కంగా ఉంటాయి. ఈ ఇళ్ళలో బయటపడే అరవైల నాటి ఎర్ర స్వెటర్ల ఎరుపు చూస్తే తెలుస్తుంది.

ఇంత చిన్న ఇంటి రీళ్ళకి ఇంత రాద్ధాంతమా అనే వాళ్ళకి మన సినిమా చరిత్రే జవాబు. 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' లేదు. ఆడేసిన ప్రింటుతో పనేముందని అప్పటి వాళ్ళూ అనుకున్నారు. వేరేచోట అలా అనుకోని వాళ్ళూ ఉన్నారు. సత్యజిత్ రాయ్ అపూ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్‌లో ఒక లాబ్ అగ్నిప్రమాదంలో మాడిపోయాయి. ఆ మాడిన రీళ్ళని సైతం అమెరికన్ అకాడమీ ఆర్కైవ్ పారేయకుండా దాచింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఇటలీలోని బొలోన్యా నిపుణులు వాటికి తేమ ఎక్కించి, అతుకులు వేసి, కొత్త స్కానర్ల మీద తిప్పారు, 2015లో ఆ చిత్రాలు 4కేలో తెర మీదికొచ్చాయి. 1993లో ఆ పనిముట్లు లేవు, ఉంటాయన్న నమ్మకం కూడా ఎవరికీ లేదు. మన దగ్గర 2010లో 'మాయాబజార్'కి రంగులద్దగలిగారంటే, 2024లో అక్కినేని శతజయంతికి 'దేవదాసు'తో సహా పది సినిమాలు ఊరూరా థియేటర్లలో వేయగలిగారంటే ఎక్కడో ఎవరో ఫిల్ముని దాచి ఉంచబట్టే. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్ము పరిరక్షణ మీద శిక్షణ శిబిరం నడిపారు. ఎల్.వి. ప్రసాద్ వేసిన పునాది మీద ఎదిగిన ప్రసాద్ కార్ప్, స్కానిటీ స్కానర్లు తయారుచేసే జర్మన్ సంస్థనే కొనుక్కుంది. ఇంత నేర్పు చేతికందే దూరంలో ఉన్న ఊళ్ళో రీళ్ళు కబాడీకి పోవడం నాకు మింగుడుపడదు.

చిత్రమేమిటంటే, కెమెరాని మాత్రం ఎవరూ పారేయరు. బోలెక్సో యూమిగ్గో డ్రాయింగు రూములో అద్దాల బీరువాలో లైటు కింద కూర్చుంటుంది, అది తీసిన బొమ్మలు చెత్తబండిలో పోతాయి. ఉంచుకుంటే ఉంచుకోండి గానీ బ్యాటరీలు తీసేయండి, కారి లోపలంతా తినేస్తాయి. స్ప్రింగు కెమెరా అయితే చుట్టి వదిలేయకండి, పూర్తిగా తిరిగిపోనివ్వండి. పాత మీటర్లు 1.35 వోల్టుల పాదరసం సెల్లుకి లెక్కించినవి. ఇప్పటి 1.5 వోల్టుల సెల్లు వేస్తే తప్పు చూపిస్తాయి. లోపల ఫిల్ము ఉండిపోయిందేమో అని వెలుతురులో తెరిచి చూడవద్దు. అది కోడాక్రోమ్ అయితే రంగుల్లో కడిగే చోటు ప్రపంచంలో లేదు. కాన్సస్‌లోని ఆఖరి లాబ్ 2010 డిసెంబరు 30తో తీసుకోవడం ఆపేసింది. నలుపు తెలుపులో మాత్రం కొంత తేల్చుకోవచ్చు.

స్కాన్‌కి ఇచ్చేటప్పుడు దుకాణంవాడిని మొహమాటం లేకుండా అడగండి: ఫ్రేము ఫ్రేముగా తీస్తారా, అసలు వేగంలోనే ఫైలు ఇస్తారా, గ్రెయిన్ గీకకుండా, రంగులు దిద్దకుండా ఒక కాపీ విడిగా ఇస్తారా, రంధ్రాలు కనిపించేలా అంచులతో సహా తీస్తారా. రీళ్ళన్నీ కలిపి పెద్ద రీలుగా అతికి పసుపు డబ్బాలు పారేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ డబ్బా మీదే మీ నాన్నగారి చేతిరాతలో ఊరూ తేదీ ఉంటాయి.

"ఇక్కడ చూసేవాళ్ళెవరు, పిల్లలందరూ అమెరికాలో ఉన్నారు" అంటారా? అయితే పిల్లలకే ఇచ్చి పంపండి. 50 అడుగుల రీలు అడ్డంగా మూడంగుళాలకి మించదు, పాతిక రీళ్ళు ఒక చేతిసంచిలో పడతాయి. విమానాశ్రయం ఎక్స్‌రేకి భయపడాల్సింది ఇంకా కడగని ఫిల్ముకి మాత్రమే. కడిగేసిన ఫిల్ముకి దాని వల్ల ఏమీ కాదు.