మైకు పట్టినంత మాత్రాన నాయకత్వమా?

ఇంజనీరింగ్ కాలేజీల్లో నాయకత్వం మాట వచ్చిందంటే ఒకే వరస. బయటి నుంచి ట్రైనర్ వస్తాడు, సెమినార్ హాల్లో రెండు రోజుల వర్క్‌షాపు జరుగుతుంది, చివర్లో అందరి చేతికీ సర్టిఫికెట్లు అందుతాయి. మైకు అందుకుని ఇంగ్లిషులో నాలుగు ముక్కలు మాట్లాడినవాళ్ళకు నాయకత్వ లక్షణాలు ఉన్నట్టు, వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళకు లేనట్టు తేల్చేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అయితే దీనికి మరో మాట తోడవుతుంది: మన పిల్లలకు సబ్జెక్టు ఉంది గానీ లీడర్‌షిప్ లేదని. ఆ మాట తప్పు. దాని ఆధారంగా నడుస్తున్న శిక్షణ, మదింపు రెండూ తప్పుదారిలో ఉన్నాయి.

ఈ జిల్లాలకు ఇంజనీరింగ్ విద్య ఆలస్యంగానే వచ్చింది. రాజాంలో జీఎంఆర్ ఐటీ, విజయనగరం పక్కన చింతలవలసలో ఎంవీజీఆర్ కాలేజీ 1997లో మొదలయ్యాయి. టెక్కలిలో ఆదిత్య కాలేజీ 2001లో వచ్చింది. విజయనగరంలో 2007లో ఏర్పడిన జేఎన్‌టీయూ కాలేజీ 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లల్ని చేర్చుకునే ట్రిపుల్ ఐటీ 2016లో శ్రీకాకుళం పేరుతో మొదలై ఇప్పుడు ఎచ్చెర్ల మండలంలో నడుస్తోంది. సీట్లు ఊరి దగ్గరికి వచ్చాయి. విద్యార్థిని తూచే తూనిక మాత్రం నగరాల నుంచి అరువు తెచ్చుకున్నదే.

ఆ తూనికను సమర్థించేవాళ్ళు జాతీయ గుర్తింపు మండలి ఎన్‌బీఏ పేరు చెబుతారు. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014 జూన్‌లో భారతదేశం ఎన్‌బీఏ ద్వారా శాశ్వత సభ్యత్వం పొందింది. పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాలంటూ ఎన్‌బీఏ పన్నెండు అంశాల జాబితా ఇచ్చింది, ఏళ్ళ తరబడి కాలేజీలన్నీ దాన్నే పాటించాయి. అందులో తొమ్మిదోది ఒంటరిగానూ, రకరకాల బృందాల్లో సభ్యుడిగానూ, నాయకుడిగానూ సమర్థంగా పనిచేయడం. భావాన్ని స్పష్టంగా చెప్పగలగడం పదోది. జాబితా రాసినవాళ్ళే జట్టుపనినీ మాటకారితనాన్నీ విడివిడిగా చూశారు. రెంటినీ కలిపేసింది మన కాలేజీలే.

కలిపేశాక కొలిచే తీరు ఎలా ఉందో చూడాలి. ఎన్‌బీఏ బృందం వస్తోందంటే డిపార్ట్‌మెంటులో ప్రతి సబ్జెక్టుకూ ఒక ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఎడమ పక్క కోర్సు లక్ష్యాలు, పైన ఎన్‌బీఏ అంశాల గళ్ళు. సంబంధం గట్టిగా ఉంటే 3, మధ్యస్థంగా ఉంటే 2, కొద్దిగా ఉంటే 1, లేకపోతే అడ్డగీత. ఫైనలియర్ ప్రాజెక్టు వరసలో జట్టుపని గడిలో సాధారణంగా 3 పడుతుంది. ఆ తర్వాత పిల్లల మార్కులు ఆ షీటులోకి ఎక్కుతాయి, ఎగ్జిట్ సర్వేలో వాళ్ళు తమకు తామే వేసుకున్న అంకెలు కలుస్తాయి, చివరికి బ్యాచ్ మొత్తానికి ఒక సగటు వస్తుంది. ఆ సగటు ఏ ఒక్క విద్యార్థి గురించీ ఏమీ చెప్పదు. నలుగురి ప్రాజెక్టులో కోడ్ మొత్తం ఒక్కరే రాసి, మిగతా ముగ్గురు వైవా ముందురోజు రాత్రి స్లైడ్లు పంచుకుని చదువుకొచ్చినా మార్కులు అటూ ఇటుగా ఒకటే. హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకైనా ఆ గడిలో 3 అలాగే ఉంటుంది. నాయకత్వాన్ని కొలిచామని ఆ షీటు చెప్పే మాటకు ఆధారం ఏదీ లేదు.

అసలు ఇంజనీరుకు నాయకత్వం ఎక్కడ అవసరమవుతుంది? ఈ తీరం దానికి జవాబు చాలాసార్లే చూసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి, మోటార్లు నడవక తాగునీరు ఆగింది. అలాంటప్పుడు ముందు ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను కలపాలి? ఉన్న ఒక్క జనరేటర్‌ను ఏ పంపుకు పెట్టాలి? తమ వీధిని వెనక్కి నెట్టారని కోపంతో ఉన్న జనానికి ఏం చెప్పి ఒప్పించాలి? ఇవన్నీ సాంకేతిక ప్రశ్నలే, అదే సమయంలో మనుషులకు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు కూడా. పదిమంది ఆధారపడ్డ పనిని నెత్తిన వేసుకుని, దాని మంచిచెడ్డలకు తానే బాధ్యత వహించడం ఇంజనీరు నాయకత్వం. అందులో మాటకు చోటుంది గానీ, అది పని తర్వాతే.

దీనికి ఉదాహరణ రైల్వే ఇంజనీరు ఈ. శ్రీధరన్. ఆయన చదివింది కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో. 1946లో విశాఖపట్నంలో పుట్టి కాకినాడకు తరలిన ఆ కాలేజీయే జేఎన్‌టీయూ కాకినాడకు మూలం. విజయనగరం విశ్వవిద్యాలయం దాని నుంచి విడివడిందే. 1964 డిసెంబరు తుపాను పాంబన్ రైలు వంతెనను ఛిద్రం చేసినప్పుడు ఆయనకు 32 ఏళ్ళు. మరమ్మతుకు మొదట ఆరు నెలల గడువు పెట్టారు, పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. కొట్టుకుపోయిన గడ్డర్లను సముద్రంలోంచి తీయించి మళ్ళీ బిగించి, ఆయన జట్టు 46 రోజుల్లో వంతెనను నిలబెట్టింది. ఆయన నాయకత్వం మొదట తెలిసింది ఆ పని వల్లే.

ఇక వెనక బెంచీల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి బోట్ల మీద పనిచేస్తారు. 2018 చివర్లో వాళ్ళలో కొందరు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అలాంటి బోటుకు తండేల్, అంటే నాయకుడు, అయినవాడు ఉపన్యాసం చెప్పి కాలేదు. వల ఎక్కడ వేయాలో, గాలి మారితే ఎప్పుడు వెనక్కి తిప్పాలో తెలిసి, తోటివాళ్ళ ప్రాణాలకు పూచీ పడతాడని నమ్మకం కుదిరాకే అతని మాట చెల్లుతుంది. అలాంటి ఇళ్ళ పిల్లలు, హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణాలకు కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీల పిల్లలు, డ్వాక్రా సంఘం లెక్కలు చూసే తల్లుల పిల్లలు ఈ తరగతి గదుల్లో ఉన్నారు. బాధ్యత అంటే ఏమిటో వాళ్ళు ఇంట్లోనే చూశారు. ఇంగ్లిషు తడబడిందని వాళ్ళను నాయకత్వం లేనివాళ్ళ జాబితాలో వేయడం అన్యాయం.

కంపెనీలకు ఇంగ్లిషు కావాలి, గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పనివాడికి ఉద్యోగం ఎవరిస్తారని ప్లేస్‌మెంట్ అధికారులు అడుగుతారు. ఆ బాధ నిజమే. ఇంగ్లిషు నేర్పాలి, బాగా నేర్పాలి. దానికి ఇంగ్లిష్ ల్యాబు ఉంది, క్యాంపస్ ఉద్యోగాలకు సిద్ధం చేసే సీఆర్‌టీ క్లాసులు ఉన్నాయి. కానీ భాషా శిక్షణకు నాయకత్వ శిక్షణ అని పేరు పెడితే రెండు నష్టాలు. మాట్లాడగలిగినవాడు తనకు ఇక నేర్చుకోవాల్సింది లేదనుకుంటాడు. మాట్లాడలేనివాడు తనకు అర్హతే లేదనుకుంటాడు.

నాయకత్వాన్ని కొలవలేం, అందుకే ఏదో ఒక అంకె వేస్తున్నామన్నది రెండో వాదన. ఇదీ నిలవదు. శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు ఇంజనీరింగ్ చదివిన అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1995లో ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలైంది. విద్యార్థి బృందాలు స్థానిక సేవా సంస్థలకు కావాల్సిన పరికరాలు, వ్యవస్థలు తయారుచేసి ఇస్తాయి. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా అందరూ ఒకే బృందంలో ఉంటారు. సీనియర్లు చదువు ముగించి వెళ్ళినా పని ఆగదు, జూనియర్లు అందుకుంటారు. జట్టులో ఎవరు ఎంత పని మోశారో తోటి సభ్యులే చెప్పే క్యాట్‌మీ అనే పద్ధతి కూడా అమెరికా ఇంజనీరింగ్ విద్యలోంచే వచ్చింది. కొలవాలన్న మనసుంటే దారులు ఉన్నాయి.

మనకు దారి కాగితం మీద ఇప్పటికే ఉంది. మన రాష్ట్రంలో 2023 నిబంధనల ప్రకారం బీటెక్ రెండో ఏడాది తర్వాత వేసవిలో ఎనిమిది వారాల సామాజిక సేవా ప్రాజెక్టు తప్పనిసరి. చాలాచోట్ల అది సర్వే ఫారాలు నింపి, సర్పంచ్ సంతకం తెచ్చి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, రికార్డు రాయడంతో ముగుస్తోంది. వేసవి అయ్యాక ఆ ఊరు కాలేజీకి గుర్తుండదు.

ఉద్దానాన్నే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలను మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఒక ఊరిని ఒక విద్యార్థి బృందానికి నాలుగేళ్ళు అప్పగిస్తే ఎంత పని ఉందో చూడండి. చివరి కుళాయికి ఏ పూట ఎంత ఒత్తిడితో నీరందుతోందో కొలవాలి. లీకులు మ్యాపులో గుర్తించాలి. ట్యాంకు శుభ్రం చేసిన తేదీలు రాసి ఉంచాలి. లోపం కనబడితే అధికారుల దాకా తీసుకెళ్ళి, సరిచేసేదాకా వెంటపడాలి. సివిల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ విద్యార్థులు కలవకుండా ఇది తెమలదు. అమ్మలక్కలతో తెలుగులో మాట్లాడకుండా మొదలే కాదు.

ఇక మార్కులు వేయడం కష్టమేమీ కాదు. ఇస్తానన్న రోజుకు పని ఇచ్చాడా? తప్పు జరిగినప్పుడు ముందుగా తానే చెప్పాడా? తోటివాళ్ళు అతని మీద ఆధారపడగలిగారా? తాను తప్పుకున్నాక పని సాగేలా తర్వాతి బ్యాచ్‌కు అప్పగించాడా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు గైడు నుంచి, జట్టు సభ్యుల నుంచి, ఊరివాళ్ళ నుంచి విడివిడిగా, ఏడాదికి రెండుసార్లు తీసుకోవాలి. ప్రాజెక్టు విఫలమైనా, ఎందుకు విఫలమైందో నిజాయితీగా రాసిన నివేదికకు పూర్తి మార్కులు ఇవ్వాలి. వైవా తెలుగులో చెప్పుకునే వీలుండాలి.

విజయనగరం గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు తలచుకుంటే ఇది వచ్చే విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. కొత్త భవనాలు అక్కర్లేదు, బయటి ట్రైనర్లు అక్కర్లేదు. రెండు రోజుల వర్క్‌షాపులకు వెచ్చించే డబ్బును పిల్లల బస్సు ఛార్జీలకు, నీటి పరీక్ష కిట్లకు మళ్ళించండి. ప్రతి కాలేజీ తన చుట్టూ ఉన్న ఐదు ఊళ్ళను ఎంచుకుని నాలుగేళ్ళ ఒప్పందం రాసుకోవాలి. తల్లిదండ్రులు కూడా అడ్మిషన్ రోజున ప్లేస్‌మెంట్ ప్యాకేజీతో పాటు ఒక ప్రశ్న అడగాలి: మా పిల్ల ఈ నాలుగేళ్ళలో ఎవరికి పనికొచ్చే ఏ పని చేస్తుంది?