తాళం చెవి ఎవరి దగ్గరుందండీ?

మా అక్క కొడుక్కి అయిదేళ్ళు. వాడికి వేరుశెనగ పడదు. పడదంటే ఏదో దురద అనుకునేరు. మూడేళ్ళప్పుడు ఎవరో పెట్టిన పల్లీ చిక్కీ ముక్క కొరికి, పది నిమిషాల్లో పెదాలు వాచి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఎప్పుడూ వాడి దగ్గర్లో ఉండాలన్నారు డాక్టరు గారు. అక్క అడిగిన షాపుల్లో దొరక్కపోతే అమెరికాలో ఉన్న ఫ్రెండుతో తెప్పించాను.

ఈ ఏడు హైదరాబాదులో స్కూల్లో వేశారు. వాళ్ళు క్లాసులోకి పల్లీలు తేవద్దని నోటీసు అంటించారు. బావుంది. పెన్ను మాత్రం ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు! చెవి క్లర్కు గారి దగ్గర. ఆయన బ్యాంకుకెళితే? "మీకు ఫోన్ చేస్తాం, మీరే వచ్చి వేసుకోండి" ట. అక్క ఆఫీసు నుంచి అక్కడికి ముప్పావుగంట. గొంతు వాచిపోతుంటే అంత టైముంటుందా?

బ్యాకప్ తీసి, దాని పాస్‌వర్డు సెలవులో ఉన్నవాడికిచ్చినట్టుంది ఈ వ్యవహారం.

నోటీసు తప్పని నేననను. కానీ పులిహోరలో పల్లీలు, ఇడ్లీ చట్నీలో పల్లీలు, గుత్తొంకాయ మసాలాలో పల్లీలు. మన క్యారేజీలకి నోటీసు ఎంతని కాపలా కాస్తుంది? పొరపాటు జరిగాక ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

కెనడాలోని ఒంటారియోలో 2003లో సబ్రీనా అనే పదమూడేళ్ళ అమ్మాయి, స్కూలు క్యాంటీన్లో ఫ్రెంచ్ ఫ్రైస్ తిన్నాక చనిపోయింది. ఆమెకి పాల పదార్థాలు పడవు. పెన్ను ఉంది, కానీ లాకర్లో! ఆ తల్లి పోరాడితే 2005లో ఆమె పేరుతోనే చట్టం చేశారు. అలాంటి ప్రతి పిల్లకీ రాతపూర్వక ప్లాను ఉండాలి. సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి. మంచి మనసుతో ఇంజెక్షన్ వేసిన టీచరు మీద నష్టపరిహారం దావా వేయడానికి, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, కుదరదు.

"టీచర్లేమైనా డాక్టర్లా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కాదు సార్. అందుకేగా దాన్ని డాక్టరు కానివాళ్ళు కూడా వాడేలా తయారుచేసింది! తొడకి బయటివైపు, బట్టల మీంచే వేసెయ్యొచ్చు. వేసి 108కి ఫోన్ చేయాలి. సెట్రిజిన్ బిళ్ళ మింగించి చూద్దామనుకుంటే మాత్రం పుణ్యకాలం గడిచిపోతుంది.

"మా రోజుల్లో ఈ ఎలర్జీలెక్కడివోయ్" అనే పెద్దలకో మాట. మీ రోజుల్లోనూ ఉండే ఉంటాయి, పోయిన పిల్లల్ని ఏ పురుగో ముట్టిందని సరిపెట్టుకుని ఉంటారు.

మేమడిగేది ఖర్చులేని పని. పెన్ను క్లాసులో, పిల్లలకి అందని ఎత్తులో, తాళం లేకుండా ఉండాలి. ఇద్దరు టీచర్లకి వేయడం వచ్చుండాలి. అనుమతి ఉత్తరం మేం రాసిస్తాం.

ఇంతకీ, మీ పిల్లల స్కూల్లో తాళం చెవి ఎవరి దగ్గరుంది?