లేచి నిలబడ్డాక కొలవండి

మా బస్తీలో తెల్లవారుజామున రోడ్లూడ్చే స్త్రీలకు కిందటేడు బూట్లిచ్చారు. వారం తిరక్కుండానే అందరూ మళ్ళీ హవాయి చెప్పుల్లోకి వచ్చేశారు. "వీళ్ళకి అలవాటు లేదండీ, ఎంత చేసినా ఇంతే" అని సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. ఆ స్త్రీలలో ఒకామెను అడిగాను. "కూసున్నప్పుడు పడ్తయక్కా, లేసి నిలబడితే పట్టవు" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఒంటి బరువు మీద పడగానే పాదం మధ్యనున్న వంపు కిందికి దిగుతుంది. పాదం సాగుతుంది, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పవుతుంది. గంటల తరబడి నిలబడితే వాపు దానికి తోడు. కుర్చీలోని పాదమూ, చీపురు పట్టుకున్న మనిషి పాదమూ ఒకటి కావు. మరి వీళ్ళ పాదాలు ఎప్పుడు కొలిచారు? కొలవనేలేదు. నంబర్ చెప్పమన్నారంతే. వచ్చినవి మగవాళ్ళ బూట్లలో చిన్న నంబర్లు. ఒకామె బూట్లు ఎనిమిదో తరగతి చదివే కొడుక్కి సరిగ్గా సరిపోయాయి! పొడవు ఒకటే అయినా స్త్రీ పాదం వంపులోనూ, బొటనవేలి దగ్గరా ఆకారం వేరు. అది మగవాడి పాదానికి చిన్న అచ్చు కాదు.

కాన్పు సంగతి మరీ ఎవరికీ పట్టదు. అమెరికాలోని అయోవాలో 49 మంది గర్భిణుల పాదాలు కొలిచి, కాన్పయిన ఐదు నెలలకు మళ్ళీ కొలిచారు. 60 నుంచి 70 శాతం మందికి పొడవు, వెడల్పు పెరిగాయని 2013లో ప్రకటించారు. నా మొదటి కాన్పు తర్వాత పాత చెప్పులు పట్టకపోతే ఒళ్ళొచ్చిందని అత్తగారన్నారు. నేనూ నమ్మేశాను.

మన దేశంలో ఇంతకాలం నడిచినవి తెల్లవాళ్ళ నంబర్లే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిపించింది. మన పాదాలు పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పని, ఆడపిల్లల పాదం 11 ఏళ్ళకే దాదాపు పూర్తిగా ఎదుగుతుందని తేల్చింది. సంతోషమే. కానీ టోకున కొని పంచేవాళ్ళు వేసుకునే మనిషిని పిలిచి అడగకపోతే ఏ కొలతలొచ్చి ఏం లాభం?

ఇది సౌకర్యం గొడవ అనుకునేవారికి ఒక్క మాట. రెండు నెలల కిందట మా వీధిలోనే ఒకామె అరికాల్లో సీసాపెంకు దిగింది. "బూట్లిచ్చాం కదా, వేసుకోకపోవడం నీ తప్పు" అన్నారు. మందుల ఖర్చు ఇవ్వలేదు, పైగా ఐదు రోజుల జీతం కోశారు. పట్టని బూటు కాలికి రక్షణ కాలేదు గానీ కాంట్రాక్టరుకు మాత్రం బాగా పనికొచ్చింది.

అందుకే మేం ఒక అర్జీ రాశాం. పని దిగే వేళకు, నిలబెట్టి, రెండు కాళ్ళూ కొలవాలి. పెద్ద కాలి లెక్కన ఇవ్వాలి. పట్టకపోతే మార్చివ్వాలి. కోసిన జీతం తిరిగివ్వాలి. ఇరవైముగ్గురు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అర్జీ తీసుకున్న గుమాస్తా "బూట్లకి కూడా అర్జీయా అమ్మా?" అని నవ్వాడు. రసీదు మాత్రం అడిగి తీసుకున్నాం.