గ్రూపు ఒక్కటీ కలిస్తే చాలదు



"మాదీ బి పాజిటివే సిస్టర్, తీసుకోండి" అని బంధువులు ముందుకు వస్తే మేము సంతోషిస్తాము. అయితే సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డకు ఆ ఒక్క గ్రూపు కలిస్తే చాలదు. ఈ సంగతి మన సంఘ కుటుంబాలన్నిటికీ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సికిల్ సెల్ తల్లిదండ్రులిద్దరి నుండి బిడ్డకు సంక్రమించే వ్యాధి. అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మామూలు కణం సుమారు 120 రోజులు బ్రతికితే, ఇది 10 నుండి 20 రోజులకే నశిస్తుంది. సన్నని రక్తనాళాలలో అడ్డుపడి భరించలేని నొప్పులు తెస్తుంది. పాడేరు, అరకు ఏజెన్సీలోను, ఆదిలాబాద్ గోండు గూడేలలోను ఈ వ్యాధిగ్రస్తులు ఉన్నారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ రక్తం ఎక్కించనక్కరలేదు. కాని రక్తం బాగా పడిపోయినప్పుడు, పక్షవాతం వచ్చినప్పుడు రక్తమే ఆధారం. కొందరికి జీవితంలో ఎన్నోసార్లు ఎక్కించవలసి వస్తుంది.

చిక్కు అక్కడే ఉంది. ఎ, బి, ఓ, ఆర్‌హెచ్ అని మనకు తెలిసినవే కాక, 40కి పైగా రక్త గ్రూపు విధానాలు ఉన్నాయి. సి, ఇ, కెల్ వంటి ఉపగ్రూపుల గుర్తులు కణాల మీద ఉంటాయి. రోగిలో లేని గుర్తు ఉన్న రక్తం ఎక్కితే, శరీరం దానిని పరాయిదిగా ఎంచి యాంటీబాడీలు తయారు చేయవచ్చు. మరోసారి అటువంటి రక్తమే ఎక్కితే కొద్ది రోజులకు కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు మారి, ఎక్కించిన రక్తమంతా విరిగిపోవచ్చు. ఆ తరువాత ఆ రోగికి సరిపడే బ్యాగు దొరకడం బహు కష్టం.

ఈ గుర్తులు వంశపారంపర్యంగా వస్తాయి. కనుక ఒకే మూలాల వారిలో కలిసే అవకాశం ఎక్కువ. ఇంగ్లండులో ఆఫ్రికా, కరిబియన్ మూలాల వారిని రక్తదానానికి ప్రత్యేకంగా పిలుస్తున్నది ఇందుకే. మన గూడేలలో మరో ఇబ్బంది ఉంది. రోగి బంధువులలో పలువురు సికిల్ క్యారియర్లు. వారు ఆరోగ్యంగానే ఉన్నా, సికిల్ రోగికి ఆ లక్షణం లేని రక్తాన్నే ఎంచుకోవాలి. రక్తహీనత వల్ల ఇవ్వలేనివారు ఇంకొందరు. కాబట్టి పరీక్షలో సరిపోయిన గిరిజన యువతీ యువకులు కావాలి, మైదాన ప్రాంతాల వారూ కావాలి. అన్ని కులాల, తెగల దాతలు ఉంటేనే వెదకడానికి వీలవుతుంది.

కొండ దిగి వచ్చిన కుటుంబాన్ని "రక్తానికి రక్తం తెచ్చుకోండి" అనడం న్యాయం కాదని మా అభిప్రాయం. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ మిషన్ క్రింద సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి. చాలా మంచిది. కాని కార్డు చేతికి వచ్చినంత మాత్రాన రక్తం దొరకదు.

"మా అబ్బాయి కష్టం చేసుకునేవాడు, నీరసపడతాడు" అని తల్లులు భయపడతారు. అమ్మా, తీసుకునేది సాధారణంగా 350 మిల్లీలీటర్లే. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు మళ్ళీ ఇవ్వవచ్చు.

ఎర్రకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు. పండుగనాడు నూరుమంది ఒక్కసారే ఇచ్చి ఏడాదంతా మరచిపోవడం కన్నా, మూడు నెలలకొకసారి పాతికమంది ఇస్తే మేలు. ప్రతి సంఘంలోనూ యౌవనస్థులు ఇటువంటి జాబితా తయారు చేయాలి. రక్తనిధులు కూడా క్రమంగా వచ్చే దాతల ఉపగ్రూపులను ముందే పరీక్షించి రాసి ఉంచాలి. అర్ధరాత్రి బిడ్డ రక్తం పడిపోయినప్పుడు, ఎవరిని పిలవాలో వార్డు సిస్టరుకు తెలిసి ఉండాలి.