చిన్న ఇంటికి చిన్న కుక్క?

మొన్న ఒక చిరకాల మిత్రుడు హైదరాబాదు నుంచి ఫోను చేసి, కుశలప్రశ్నలు ముగియకుండానే అసలు సంగతికి వచ్చాడు. "మా అమ్మాయి కుక్కపిల్ల కావాలని మూడు నెలలుగా పోరు పెడుతోందోయ్. మాది రెండు పడకగదుల ఫ్లాటు కదా, పెద్ద జాతి కుదరదు. చిన్న టెరియర్ ఏదైనా చెప్పు. నువ్వు ఇదివరకు పెంచావు కదా!" అన్నాడు. "పెంచాను" అన్న మాట నా నోట వెంటనే రాలేదు. ఎందుకు రాలేదో చివర చెబుతాను. ముందుగా ఆ మిత్రుడి మాటల్లోని మొదటి "కదా"ను కాస్త పరీక్షించవలసి ఉంది. ఇల్లు చిన్నది కనుక కుక్క కూడా చిన్నదైతే సరిపోతుందన్న తర్కం మనలో చాలామందికి సహజంగానే తోస్తుంది. అది తప్పని నా అభిప్రాయం. టెరియర్ల విషయంలోనైతే పూర్తిగా తప్పు.

గ్రామఫోను రికార్డులు మోగిన ఇళ్ళలో పెరిగినవారందరికీ ఒక టెరియర్ చిన్ననాటి నుంచీ పరిచయమే. బాకా ముందు తల ఒక పక్కకు వాల్చి, యజమాని గొంతును ఆలకిస్తూ కూర్చున్న హెచ్.ఎం.వి. కుక్క అదే. దాని పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టిన సంకరజాతి టెరియర్. అది 1895లో చనిపోయిన తరువాత ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు ఆ బొమ్మను గీశాడు. బొమ్మలో అది శాంతమూర్తి. అయితే ఇంటికి వచ్చినవారి పిక్కలను వెనక నుంచి పంటితో నొక్కే అలవాటు ఉండబట్టే దానికి ఆ పేరు వచ్చిందంటారు. టెరియర్‌ను ఇంటికి తెచ్చుకునేవారు సాధారణంగా ఆ బొమ్మను చూసి తెచ్చుకుంటారు. తీరా ఇంటికి వచ్చేది మాత్రం పిక్కలు పట్టే నిప్పరే.

ఇందులో కుక్క తప్పేమీ లేదు. లాటిన్‌లో 'టెరా' అంటే నేల. నేలలోకి దూరి పనిచేసే కుక్క కనుక టెరియర్. నక్కలు, ఎలుకలు, పందికొక్కులను పోలిన బొరియజీవులు దాని వృత్తి. మన నగరాలలో ఇప్పుడు తరచుగా కనిపించే జాక్ రసెల్ టెరియర్ కథనే చూడండి. జాన్ రసెల్ (1795-1883) అనే ఆయన ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గర తెల్లని ఆడకుక్కను చూసి ముచ్చటపడి కొన్నాడు. తరువాత ఆయన డెవన్ ప్రాంతంలో మతగురువుగా స్థిరపడ్డాడు. నక్కల వేట మీద మక్కువ ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. ఆ వేటకు పనికివచ్చే కుక్కలను ఆయన తరతరాలుగా ఎంచి పెంచగా ఏర్పడిన వంశం నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 5, 6 కిలోలు. ముందుకాళ్ళ వెనుక ఛాతీని రెండు అరచేతులతో చుట్టి పట్టుకోగలగాలని ఒక కొలత. ఆ కొలత మన సోఫా కోసం ఏర్పడింది కాదు, నక్క బొరియ కోసం ఏర్పడింది. లోపలికి దూరిన కుక్క నక్కను చంపకూడదు. ఎదురుగా నిలిచి, అది బయటికి వచ్చేదాకా, లేదా పైనున్న మనుషులు తవ్వుకుంటూ వచ్చేదాకా ఆగకుండా మొరగాలి. నేల పొరల కింది నుంచి పైకి వినబడాలి కనుక ఆ గొంతు అంత గట్టిది. చీకటిలో, ఒంటరిగా, యజమాని ఆజ్ఞ వినబడని చోట సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలి కనుక ఆ మొండితనం. మనం ఫ్లాటులో కూర్చుని "అరుస్తుంది, తవ్వుతుంది, మాట వినదు" అని ఏకరువు పెట్టే మూడు నేరాలూ నిజానికి దాని మూడు అర్హతలు. రెండు వందల ఏళ్ళపాటు మనుషులే కోరి, ఏరి, పెంచి పోషించిన గుణాలను మూడో అంతస్తుకు తెచ్చి శిక్షించడం న్యాయమా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. భారతకథ ఆరంభంలోనే సరమ వృత్తాంతం ఉంది. నన్నయగారి తెలుగులోనూ ఉంది. జనమేజయుడి సత్రయాగం దగ్గరికి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొట్టి తరిమారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిండుసభలో నిలదీసింది. మన మహాకావ్యం పాండవుల పరాక్రమానికి ముందు ఒక కుక్క అడిగిన న్యాయమైన ప్రశ్నను నిలిపిందంటే అందులో ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది. అలవాటుకొద్దీ మొరిగిన టెరియర్ మీద చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ ప్రశ్న మనకు గుర్తురావాలి.

"అయితే యార్క్‌షైర్ టెరియర్ తెచ్చుకుంటాం, అది ఒళ్ళో ఇమిడిపోతుంది కదా" అనేవారున్నారు. దాని బరువు మూడు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. పట్టుకుచ్చులాంటి జుట్టు, తల మీద రిబ్బను. కాని దాని పూర్వులు కూడా ఉత్తర ఇంగ్లండు నేతమిల్లుల్లో ఎలుకలు పట్టినవే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో న్యూగినీ అడవుల్లో అమెరికన్ సైనికులకు దొరికిన స్మోకీ అనే యార్క్‌షైర్ టెరియర్, ఫిలిప్పీన్స్‌లోని ఒక విమానస్థావరంలో రన్‌వే కింద సుమారు 20 మీటర్ల పొడవున్న సన్నని గొట్టంలో దూరి టెలిఫోను తీగను అవతలికి లాగింది. రిబ్బను కట్టినంత మాత్రాన రక్తం మారదు. పైగా వీటి శ్వాసనాళం సున్నితం. మెడపట్టీకి గొలుసు తగిలించి లాగితే దగ్గు మొదలవుతుంది. ఛాతీ మీదుగా తొడిగే హార్నెస్ తప్పనిసరి. ఆ జుట్టు మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది కనుక రోజూ దువ్వాలి. దంతాలు త్వరగా పాడవుతాయి, తోమాలి. ఒళ్ళో ఇమిడేది ఒళ్ళే, పని కాదు.

సరే, ఇంత చెప్పినా తెచ్చుకోవాలనే ఉందనుకోండి. ఎలా ఎంచుకోవాలి? పిల్లను కాదు, తల్లిని చూడండి. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి. 2017లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. నెల పిల్లను బుట్టలో పెట్టి ఇస్తే "అబ్బ, ఎంత చిన్నదో" అని మురిసిపోతాం. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి మధ్య ఉండి పంటిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవలసిన వారాలను ఆ పిల్ల కోల్పోయిందని గుర్తించం. మోకాలిచిప్ప జారడం, జాక్ రసెల్‌లోనైతే కంటిలోని కటకం స్థానం తప్పడం వంశపారంపర్యంగా వచ్చే బాధలు. తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి అడగడానికి మొహమాటపడకూడదు. పెళ్ళిసంబంధాలకు ఏడు తరాలు విచారించే మనకు ఇది చేతకాని పనేమీ కాదు.

ఇక సంరక్షణ. పశువైద్యుడు చెప్పిన క్రమంలో టీకాలు వేయించాలి. రేబిస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా గురించి ప్రత్యేకంగా అడగాలి. అది ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే జబ్బు, మనది ఎలుకలను వెంటాడే కుక్క. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన వాతావరణంలో చాలా కుక్కలను బలితీసుకుంటుంది. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో రోజూ వెతకాలి. మన వేసవిలో తెల్లవారుజామున, సూర్యాస్తమయం తరువాత మాత్రమే నడిపించాలి. తారురోడ్డు మీద మన అరచేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు.

తిండి విషయంలో మన ప్రేమే దానికి శత్రువు. కూరలోని ఉల్లి, తాలింపులోని వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. పండగపూట ప్రసాదమని పెట్టే పరమాన్నంలోని కిస్మిస్ దాని మూత్రపిండాలకు విషం కావచ్చు. చాక్లెట్ సంగతి సరేసరి. నాకనిచ్చిన మామిడిటెంక గొంతులోనో పేగులోనో అడ్డుపడితే శస్త్రచికిత్స దాకా పోతుంది. ఒళ్ళు వెచ్చబడిందని మన ఇంటి జ్వరం మాత్ర వేయడం మహాపాపం.

ఇవన్నీ కష్టపడితే నేర్చుకోగలిగినవే. నేర్చుకున్నా సంపాదించలేనిది ఒకటుంది, కాలం. టెరియర్‌కు రోజుకు కనీసం గంటసేపు పరుగు, ఆట, వాసనలు పట్టే పని ఉండాలి. అది 13, 14 ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న అమ్మాయి ఉద్యోగంలో చేరేదాకా. ఫ్లాటుల్లో హాయిగా బతుకుతున్న టెరియర్లు లేవా అంటే, ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఎవరో ఒకరు తమ దినచర్యను దానికోసం మార్చుకున్నారు. అక్కడ సరిపోయినది ఇంటి వైశాల్యం కాదు. అంత తీరిక లేనివారికి, జాతి పేరు మీద మోజు లేనివారికి, మన ఎండకు అలవాటుపడిన వీధికుక్కల్లో నెమ్మదైన ఒకదాన్ని చేరదీయడం మేలని నా నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ క్రితం మేమొక జాక్ రసెల్ పిల్లను తెచ్చి బుడుగు అని పేరు పెట్టుకున్నాం. ఇద్దరం ఉద్యోగస్థులం. రోజుకు పది గంటలు అది ఒంటరిగా ఉండేది. తలుపుచెక్క కొరికింది, పరుపు తవ్వింది, పొరుగువారు ఫిర్యాదు చేసేదాకా మొరిగింది. నేను కోప్పడ్డాను. ఒకటి రెండుసార్లు కొట్టాను కూడా. చివరికి పద్నాలుగు నెలల వయసులో నూజివీడు దగ్గర మామిడితోట ఉన్న బంధువుల ఇంటికి పంపించేశాం. ఆరు నెలల తరువాత చూడబోయాను. పరుగెత్తుకు వచ్చి, మోకాళ్ళ మీద కాళ్ళు వేసి, చేతులన్నీ వాసన చూసింది. మరుక్షణం గట్టు మీది ఎలుకకన్నం దగ్గరికి పోయింది. పిలిస్తే తల తిప్పి చూసింది, రాలేదు. ఆ రోజు నాకు కలిగినది ఊరటో సిగ్గో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. దానికి మంచి చోటు దొరికింది. అది నా పుణ్యం కాదు, దాని అదృష్టం.

ఇదంతా మిత్రుడికి చెప్పి, ఒక్క సలహా ఇచ్చాను. "మూడు నెలలపాటు నువ్వూ మీ అమ్మాయీ రోజూ ఉదయం ఆరింటికి లేచి, కుక్క లేకుండానే అరగంట నడవండి. సాయంత్రం మరో అరగంట. ఒక్క రోజు కూడా మానకుండా పూర్తిచేస్తే, మంచి పిల్ల ఎక్కడ దొరుకుతుందో నేనే వెతికిపెడతాను" అన్నాను. నవ్వి పెట్టేశాడు. నిన్న మళ్ళీ ఫోను చేశాడు. నడక మొదలుపెట్టి పదకొండు రోజులైందట. రెండు రోజులు తను మానాడట. అమ్మాయి మాత్రం మానలేదట.